పౌడరు మరక

నా కుడిపక్కన మాత్రం నిలబడకండి. వెనక్కి, ఆ సిమెంటు బెంచీ దగ్గరికి రండి. అక్కడైతే భయం లేదు.

జనవరి నెల, శనివారం, పొద్దున్న ఏడుంబావు. లాడో సరాయ్‌లో డిడిఎ వారి కుతుబ్ గోల్ఫ్ కోర్సు. ఆర్.కె. పురంలోని మా క్వార్టరు నుంచి ఆటోలో వచ్చాను. మునిర్కా దాటి, ఐఐటి దగ్గర కుడికి తిరిగి, అధ్‌చిని మీదుగా. దారి పొడుగునా ఆటో అబ్బాయి తల బయటికి పెట్టి, రోడ్డు మీది తెల్లగీత చూసుకుంటూ నడిపాడు. మంచు అంత దట్టంగా ఉంది. ఎక్కేటప్పుడు నా సంచీ చూసి "హాకీయా సాబ్?" అన్నాడు. గోల్ఫ్ అన్నాను. నా మంకీ క్యాపునీ, మోచేతుల దగ్గర పలచబడిన స్వెట్టర్నీ అద్దంలో ఓసారి చూసి ఊరుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం ఇరవై రూపాయలు ఎక్కువడిగాడు.

మామూలు రోజుల్లో ఇక్కడి నుంచి చెట్ల మీదుగా కుతుబ్ మినార్ కనిపిస్తుంది. డెబ్బై రెండు మీటర్ల పైచిలుకు కట్టడం, ఇవాళ జాడ లేదు. నా ముందు తెల్లటి గోడ ఒకటే. కాళ్ళ కింద రబ్బరు పట్టా, పక్కన బుట్టలో యాభై బంతులు, చేతిలో సెవెన్ ఐరన్. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నోటితో వేడిగాలి ఊదుకుని, బంతి ముందు నిలబడి, కర్ర వెనక్కి తీసి, కొట్టాను.

ఠంగ్.

గడ్డపార రాయికి తగిలితే మోచేతుల దాకా ఒక జిల పాకుతుంది చూశారూ, అది. బంతి ఎదురుగా పోలేదు. కుడిపక్కకి, మోకాలెత్తున, కుక్క తరిమిన కుందేల్లా దూసుకుపోయి మంచులో కలిసిపోయింది. ఎక్కడో రేకుకి తగిలిన చప్పుడు.

"ఫిర్ వహీ, సర్జీ," అన్నాడు కోచ్, టీ గ్లాసు దించకుండానే. మళ్ళీ అదే.

అదేమిటో పేరు పెట్టి అనడు. ఆ దెబ్బ పేరు షాంక్. ఈ ప్రాక్టీసు రేంజిలో ఆ మాట ఎవరూ పైకి అనరు. మనవైపు రాత్రిపూట పామును పామనకుండా పురుగు అంటామే, అలాగన్నమాట. పేరెత్తితే వచ్చి కూర్చుంటుందని. పక్క పట్టా మీద ఆడుతున్న రిటైర్డు కర్నల్ గారు నా మూడో బంతికి నాలుగు పట్టాలు అవతలికి మారిపోయారు. మర్యాదస్తుడు. సిగ్నలు రావట్లేదన్నట్టు ఫోను పైకెత్తి చూపించి మరీ మారారు.

నాకు ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే ఈ కుడివైపు రోగం పోగొట్టుకోవడానికే కదా, ఆరు వారాల కిందట నా ఆటనంతా ఊడదీసి కొత్తగా బిగించుకోవడం మొదలుపెట్టాను!

రెండేళ్ళుగా నాకున్న జబ్బు స్లైసు. బంతి బయల్దేరడం బాగానే బయల్దేరేది. సగం దూరం వెళ్ళాక, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు కుడికి తిరిగిపోయేది. కొత్తగా ఆడే కుడిచేతివాళ్ళలో చాలామందికి ఉండేదే. కుడికి పోతోంది కదా అని నేను ఎడమకి గురిపెట్టడం నేర్చుకున్నాను. ఎడమకి తిరిగి నిలబడ్డకొద్దీ కర్ర ఇంకా అడ్డంగా, బయట్నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చేది. అలా వచ్చినకొద్దీ బంతి ఇంకా గిర్రున తిరిగేది. తిరిగినకొద్దీ నేను ఇంకో బెత్తెడు ఎడమకి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. చివరికి జెండాని వదిలేసి ప్రహరీ గోడకి గురిపెట్టి ఆడేవాణ్ణి.

బంతి ఎందుకలా తిరుగుతుందన్న దాంట్లో గోల్ఫు పుస్తకాలే చాలాకాలం తప్పు చెప్పాయి. కర్ర ఊగిన దారిలో బంతి బయల్దేరుతుందనీ, కర్ర ముఖం ఎటు చూస్తే చివరికి అటు వాలుతుందనీ రాసేవారు. రాడారుతో బంతిని వెంటాడి కొలిచే యంత్రాలు వచ్చాక, 2000 తర్వాత, లెక్క తిరగబడింది. బంతి బయల్దేరే దిక్కులో సింహభాగం కర్ర ముఖానిదే. ఐరన్‌తో కొడితే సుమారు నాలుగింట మూడు వంతులు. గాలిలో వంకర తిరగడానికి కారణం ముఖం చూసే దిక్కుకీ, కర్ర నడిచే దారికీ మధ్య ఉన్న తేడా. ముఖం దారికంటే కుడికి చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమకి చూస్తుంటే ఎడమకి. ఇంతే సూత్రం. నేను ఎడమకి గురిపెట్టి చేసిందల్లా ఆ తేడాని నా చేతుల్తో నేనే పెంచుకోవడం.

కోచ్ ఆ యంత్రాల పేర్లు వినలేదు. అరవై దాటాయి. పదమూడో ఏట కేడీగా సంచులు మోయడం మొదలుపెట్టి, మోస్తూనే ఆట నేర్చుకున్నవాడు. ఢిల్లీలో ఈ దారి కొత్తది కాదు. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా ఉండి, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొట్టమొదటి భారతీయ ప్రొఫెషనల్ అయ్యాడు, 1993లో మళ్ళీ గెలిచాడు. మా కోచ్‌కి అంత ఎత్తు దక్కలేదు కానీ, మనిషి నిలబడ్డ తీరు చూసి బంతి ఎటు పోతుందో ముందే చెప్పే కన్ను దక్కింది. డిసెంబరు మొదటి వారంలో నా ఆట పది బంతులు చూసి ఒకే మాటన్నాడు: "ధోబీఘాట్ బంద్ కరో, సర్జీ."

నాకు వెంటనే మా ఊరి చాకిరేవు కళ్ళముందు కదిలింది. నిజమే. తడిబట్టని తలమీంచి తిప్పి బండ మీద బాదుతారు చూశారూ, నా కర్ర సరిగ్గా అలాగే దిగుతోంది. కుడిభుజం ముందుకి తోసుకొస్తుంది, చేతులు బయటికి పోయి, కర్ర బంతి మీదుగా అడ్డంగా లోపలికి వచ్చేస్తుంది. చిన్నప్పుడు బిళ్ళంగోడులో, తర్వాత టెన్నిస్ బంతి క్రికెట్లో ముప్పై ఏళ్ళు పెంచి పోషించిన అలవాటు.

"మరి ఎలా కొట్టాలి?"

ఆయన చేతులతో చూపించాడు. నడుము ముందు తిరగాలి, చేతులు వెనకాల రావాలి, కర్ర లోపల్నుంచి బంతి దగ్గరికి రావాలి. హిందీలో ఆయన చెప్పినదాంట్లో సగం నాకు అందలేదు. ఆ రాత్రి వంటింటి గుమ్మం దగ్గర చీపురుకర్రతో ఊగుతుంటే మాత్రం తట్టింది. మాది నరసాపురం వైపు. కాలవగట్టు మీద విసురువల వేసేవాళ్ళని చూస్తూ పెరిగాను. వల ముందుగా చేతుల్తో విసిరేవాడు ఆ ఊళ్ళో ఎవడూ లేడు. బరువు ముందు కాలి మీదికి వస్తుంది, నడుము తిరుగుతుంది, చేతులు ఆఖర్న వస్తాయి, వల గుండ్రంగా విచ్చుకుంటుంది. మర్నాడు రేంజిలో వల విసిరినట్టు కొట్టాను. బంతి కుడికి బయల్దేరి ఎడమకి వంగి మధ్యలో వాలింది. రెండేళ్ళలో మొదటిసారి. కోచ్ ఏమీ అనలేదు. గ్లాసులో మిగిలిన టీ పారబోసి ఇంకో టీ చెప్పాడు, నాకు కూడా.

రెండు వారాలు స్వర్గం. తర్వాత హుక్కులు మొదలయ్యాయి, బంతి ఎడమకి చుట్టచుట్టుకుపోవడం. అది కొత్త జబ్బు కాబట్టి గర్వంగానే ఉండేది. ఆ తర్వాత ఇదిగో, ఈ పేరు చెప్పకూడనిది.

ఊడదీసి బిగించుకోవడం పెద్ద ఆటగాళ్ళకీ ఇలాగే ఉంటుంది. ఇంగ్లండు ఆటగాడు నిక్ ఫాల్డో అప్పటికే పేరున్నవాడు. ఒత్తిడిలో తన ఊపు నిలబడటం లేదని 1985లో డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గర చేరి మొత్తం మార్చుకున్నాడు. రెండేళ్ళు ఆట పడుకుంది. అందరూ జాలిపడ్డారు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున పద్దెనిమిది హోల్సూ పార్, అంటే ఒక్కో హోలుకి నిర్ణయించిన దెబ్బల్లోనే, ఆడి గెలిచాడు. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్‌ని పన్నెండు స్ట్రోకుల తేడాతో గెలిచి కూడా ఊపు మార్చుకోవడానికి కూర్చున్నాడు. మరుసటి సంవత్సరం పీజీఏ టూర్‌లో దక్కింది ఒక్క టైటిలు. ఇవన్నీ నేను ఆ పొద్దున్న చలిలో నాకు చెప్పుకుంటున్న ఊరడింపులే. ఫాల్డో కోచ్ ముందు పద్దెనిమిది బంతులు వరసగా పక్క పట్టాల మీదికి కొట్టాడని మాత్రం ఎక్కడా చదవలేదు.

సరే, ఆటకొద్దాం. మంచులో బంతి కనపడదు. బంతి పోకడ చూసి జబ్బు కనుక్కోవడం ఇవాళ కుదరని పని. నాకున్న అనుమానం ఒక్కటే: పాత ధోబీఘాట్ మళ్ళీ వచ్చింది. బంతి కుడికి పోతోంది కాబట్టి, మళ్ళీ అడ్డంగా కోస్తున్నట్టున్నాను. అందుకని ఇంకా లోపల్నుంచి కొట్టాలని ప్రయత్నించాను. ఇంకా గట్టిగా వల విసిరాను. ఠంగ్. ఠంగ్. ఠంగ్.

"రుకో," అన్నాడు కోచ్. లేచి వచ్చాడు. "పౌడర్ లాయే?"

నిన్న ఫోన్లో తెమ్మన్నాడు. మా ఆవిడ అలమరలోంచి అడక్కుండా తెచ్చాను. కర్ర ముఖం మంచుకి తడిగా ఉంది. వేలితో పౌడరు అద్దితే సున్నం వేసినట్టు తెల్లగా పట్టింది. "మారో."

కొట్టాను. ఠంగ్. ఇద్దరం కర్ర పైకెత్తి చూశాం.

ముఖం మీద మరకే లేదు.

పౌడరు పెళ్ళికూతురి బుగ్గ మీదున్నట్టు చెక్కుచెదరకుండా ఉంది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. బంతికి తగిలింది, చేతులు జలదరించాయి, బంతి పోయింది. ముఖానికి తగలకుండా ఎలా పోయింది? కోచ్ కర్రని దీపం వైపు తిప్పి, ముఖం అయిపోయి కడ్డీ మొదలయ్యే గుండ్రటి మెడ చూపించాడు. అక్కడ, పావలా కాసంత మేర, మంచుచెమ్మ తుడిచేసినట్టు నిగనిగలాడుతోంది. గుండ్రటి కడ్డీకి తగిలిన బంతి ఎటు పోతుంది? కుడికే. బంతీ కర్రా కలిసి ఉండేది సెకనులో రెండు వేల వంతు సేపు. అందులో ఏం జరిగిందో కంటికి కనపడదు, చేతికి తెలియదు. చెమ్మకి తెలిసింది.

అంటే కర్ర నా నుంచి దూరంగా, బంతిని దాటి బయటికి పోతోంది. మరి ఎందుకు పోతోంది? అడ్డంగా కోసేవాడికీ మెడ తగలవచ్చు, మరీ లోపల్నుంచి తోసేవాడికీ మెడ తగలవచ్చు. పోకడ ఒకటే, మందు ఎదురెదురు. ఒకదాని మందు రెండోదానికి వేస్తే రోగం ముదురుతుంది. నేను పొద్దుట్నుంచి చేస్తున్నది అదేనేమోనన్న అనుమానం అప్పుడు మొదటిసారి కలిగింది.

కోచ్ నా సంచీలోంచి ఖాళీ చెప్పుల డబ్బా తీశాడు. అదీ ఆయన తెమ్మన్నదే. బంతికి అవతల, కాస్త వెనకగా పెట్టాడు. కర్ర బయట్నుంచి వస్తుంటే బంతి కన్నా ముందు డబ్బా ఎగరాలి. కొట్టాను. డబ్బా కదల్లేదు. బంతి మాత్రం కుడికి. డబ్బాని ఈసారి బంతికి అవతలే, కాస్త ముందుకి జరిపాడు. కొట్టాను. అట్టడబ్బా ఎగిరి కర్నల్ గారి పాత పట్టా మీద పడింది.

"ధోబీ నహీ హై," అన్నాడు కోచ్, దాదాపు సంతోషంగా. చాకలి కాదు. లోపల్నుంచి బయటికి, మరీ ఎక్కువగా.

రెండేళ్ళ స్లైసుగాడు అది నమ్మలేడు. నా కళ్ళకి కుడికి పోయే ప్రతి బంతీ పాత శత్రువే. కానీ ఇది నా కొత్త మందు వికటించిన జబ్బు. పది చుక్కలు వేసుకోమంటే సీసా ఎత్తి తాగినట్టు.

తర్వాత పట్టా పక్కన ఉన్న గడ్డి మీదికి తీసుకెళ్ళాడు. రబ్బరు పట్టా మంచి అబద్ధాలకోరు. కర్ర బంతికి రెండంగుళాల ముందే నేలని తాకినా పట్టా మీద జారిపోయి బంతిని లేపేస్తుంది, మనం శభాష్ అనుకుంటాం. గడ్డి మీద అదే దెబ్బకి మట్టి లేస్తుంది, బంతి అక్కడే కూర్చుంటుంది. పట్టా మీద ఆడి ఆడి, కోర్సులోకి వెళ్ళి ఏడ్చేవాళ్ళందరి కథా ఇదే. నేను గడ్డి మీద నాలుగు ఊపులు ఊగితే నాలుగు గాట్లు పడ్డాయి. అన్నీ జెండాకి బాగా కుడివైపు చూస్తున్నాయి. రెండు బంతి ఉండాల్సిన చోటుకి వెనకే ఉన్నాయి. ఇదివరకు నా గాట్లు ఎడమకి చూసేవి. సాక్ష్యం పూర్తయింది.

ఆఖర్న ఒక పని చేశాడు, అది నాకు ఇప్పటికీ మర్చిపోబుద్ధి కాదు. నన్ను బంతి ముందు మామూలుగా నిలబడమన్నాడు. నిలబడ్డాను. వెనకనుంచి వచ్చి వీపు మధ్యలో ఒక్క వేలు పెట్టి నెట్టాడు. బలంగా కాదు, తలుపు తీసి ఉందో లేదో చూసినట్టు. నేను రెండడుగులు ముందుకి తూలిపోయాను. బరువంతా మునివేళ్ళ మీద ఉంది. అలా నిలబడ్డవాడు ఊగేటప్పుడు ముందుకి వాలకుండా ఎలా ఉంటాడు? మనిషి ముందుకి జరిగితే చేతులు జరుగుతాయి, చేతులు జరిగితే బంతి ముందుకి ముఖానికి బదులు మెడ వస్తుంది.

"బస్. ఆజ్ ఔర్ మత్ మారో." ఇవాళ్టికి ఇంకేమీ కొట్టొద్దు. బుట్టలో ఇంకా ఇరవై ఆరు బంతులున్నాయి. డబ్బు కట్టినవి. అయినా కొట్టనివ్వలేదు.

ఆదివారం, పదిన్నర. ఇప్పుడు మనం మా క్వార్టరు డాబా మీద ఉన్నాం. మెట్లు జాగ్రత్త, మూడో మెట్టు పెచ్చులూడింది. మంచు విడిపోయి ఎండ పల్చటి మజ్జిగలా పరుచుకుంది. ఈ ఎండ కోసం ఆర్.కె. పురం మొత్తం డాబాల మీదికి వచ్చేస్తుంది. సెక్టారు ఏడులో గుట్ట మీద ఉన్న మలై మందిరం వైపు నుంచి నెమలి అరుపు వినిపిస్తోంది. 1973లో ఆ గుడి కుంభాభిషేకమైంది. అరవ సుబ్రహ్మణ్యస్వామి కాబట్టి, నెమళ్ళు కూడా ఎవరో ఏర్పాటు చేసినట్టే ఉంటాయి. మా డాబా మీద రెండు మంచాలు, ఆరేసిన దుప్పట్లు, బఠాణీలు ఒలుస్తున్న కింది వాటా శ్రీకాకుళం పిన్నిగారు, నేను, చీపురుకర్ర.

ఫోను మా ఆవిడ చేతిలో ఉంది. నా వెనకగా, గురిపెట్టిన గీత మీద, నడుమెత్తున పట్టుకోమన్నాను. ఒక ఊపు తీసింది. ఇద్దరం నెమ్మదిగా తిప్పి చూశాం.

"ఏవండీ, మీరు లేచిపోతున్నారు," అంది.

"ఎక్కడ?"

"ఇదిగో. కూర్చున్నవాళ్ళు ఎవరో పెద్దాయన వస్తే గబుక్కున లేస్తారే, అలాగ. వెనక్కి ఉండాల్సింది ముందుకొచ్చేసింది."

పుస్తకాలు పేజీలకి పేజీలు రాసిన దోషం అది. దిగే ఊపులో తుంటి బంతి వైపుకి తోసుకొచ్చి, నడుము నిటారైపోయి, చేతులకి చోటు లేక బయటికి పోవడం. మా ఆవిడకి గోల్ఫు గురించి తెలిసిందల్లా నేను శని, ఆదివారాలు కూరలు తేనన్న సంగతి. అయినా నాలుగు సెకన్లలో పట్టేసింది. వీడియోలో ఇంకోటి కూడా ఉంది. కర్ర వెనక్కి తీసే మొదటి అడుగులోనే నేను దాన్ని నా నడుము చుట్టూ లోపలికి లాగేసుకుంటున్నాను. "లోపల్నుంచి రావాలి" అన్నాడని, వెళ్ళేటప్పుడే లోపలికి వెళ్ళిపోతున్నాను. చేద బావిలోంచి తోడినట్టు తిన్నగా రావాల్సింది, తువ్వాలు చుట్టుకున్నట్టు వస్తోంది. అంత లోపలికి పోయినవాడికి బయటికి తోయడం తప్ప దారేది?

కాబట్టి ఇవాళ రెండే పనులు. కోచ్ అయితే ఒక్కటే చేయమనేవాడు.

పిట్టగోడకి వెనక్కి నిలబడ్డాను, పిరుదులు గోడకి ఆనేలా. ఊపు మొదట్నుంచి చివరిదాకా గోడని వదలకూడదు. పైకి తీసేటప్పుడు కుడిపక్క రాసుకుంటుంది, దిగేటప్పుడు ఎడమపక్క. మొదటిసారి ఊగితే దిగేటప్పుడు గోడకీ నాకూ మధ్య జానెడు సందు. రెండోసారీ అంతే. మూడోసారి పళ్ళు బిగబట్టి గోడకి అతుక్కుపోయాను, వెనక్కి పడిపోతున్నట్టే అనిపించింది. వీడియోలో చూస్తే ఇంకా రెండంగుళాలు సందుంది. ఇక్కడే మనిషి మోసపోయేది. ఒళ్ళు చెప్పేది ఒకటి, జరిగేది ఒకటి. అడుగు మేర మారాననుకుంటే అంగుళం మారి ఉంటాం. దిగే ఊపు పావు సెకనులో అయిపోతుంది. పొరపాటు తెలిసి దిద్దుకునే లోపు బంతి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే ఈ పనంతా బంతి లేని చోట, తాబేలు నడకలా, గోడ సాక్షిగా జరగాలి.

"గోడ గానీ పడిపోద్దేటి బాబూ, అలాగ ఆనుకుని ఉన్నావు?" అంది పిన్నిగారు బఠాణీల మీంచి తల ఎత్తకుండా.

"వ్యాయామం పిన్నిగారూ."

"మా ఆయన కూడా ఇలాగే ఎండలో గోడకి రుద్దుకునేవోడు, దురదలొచ్చి."

మా ఆవిడ ఫోను నాకిచ్చి మెట్లెక్కిన దారినే నవ్వుకుంటూ దిగిపోయింది. ఆ తర్వాత నాకు నా నీడే దిక్కు. ఎండ వెనకనుంచి వస్తోంది. తల నీడ గచ్చు మీది ఒక పగులు మీద పడేలా నిలబడి, ఊగినంతసేపూ ఆ పగులు వదలకుండా చూసుకున్నాను. బూట్లలో కాలివేళ్ళు కదుపుతూ. వేళ్ళు కదులుతుంటే బరువు వాటిమీద లేనట్టే, ఇది కోచ్ చెప్పిన గుర్తు. గంటసేపట్లో నూట యాభై ఊపులు ఊగి ఉంటాను. ఆ మధ్యాహ్నం ఆంధ్రా భవన్లో బిర్యానీ క్యూలో నిలబడి కూడా వేళ్ళు కదుపుతున్నాను. వెనకున్న విజయవాడ ఆయన నడుము నొప్పా అని అడిగాడు. గోల్ఫండీ అంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "మీకెందుకండీ అది?" అన్నాడు. దీనికి నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు.

వచ్చే శనివారం. మళ్ళీ అదే పట్టా. మంచు ఇవాళ పల్చగా ఉంది, నూట యాభై గజాల బోర్డు మసకగా కనిపిస్తోంది. మీరు బెంచీ దగ్గరే ఉండండి.

పౌడరు అద్దాను. డబ్బాని బంతికి అవతల రెండంగుళాల దూరంలో, బంతికి అటూ ఇటూ సమానంగా పెట్టాను. సగం ఊపు. నడుమెత్తు నుంచి నడుమెత్తుకి, అంతే. వెనక గోడ లేదు, ఉన్నట్టు ఊహించుకోవాలి. కొడుతుంటే బంతిని కర్ర చివరతో గీరబోతున్నాననీ, అసలు తగలదేమోననీ గట్టిగా అనిపించింది.

టక్.

ఠంగ్ కాదు. ఎండు కొబ్బరికాయ పగిలినట్టు పొడి చప్పుడు, చేతులకి ఏమీ తెలియలేదు. కర్ర ఎత్తి చూశాను. మరక ముఖం మీదే ఉంది, నడిమధ్యకి కాస్త మెడవైపుగా, బంతి గుంటల అచ్చు కూడా పడి, పిల్లల టీకా మచ్చలా. బంతి తక్కువ ఎత్తున, తిన్నగా వెళ్ళి డెబ్బై గజాల దగ్గర దొర్లింది. దాన్ని చూసి సంబరపడేవాణ్ణి నేనొక్కణ్ణే. కర్నల్ గారు ఇంకా నాలుగు పట్టాల అవతలే ఉన్నారు.

పదిహేను సగం ఊపులయ్యాక కోచ్ కనుబొమతో పూర్తి ఊపుకి అనుమతిచ్చాడు. మొదటిది డబ్బాని ఎగరగొట్టింది. ఎందుకో నాకే తెలుసు: దూరం కొట్టాలన్న ఆశతో వేళ్ళ మీదికి వచ్చేశాను. రెండోది మళ్ళీ వెనక నేలని తగిలింది. పట్టా మీద కాబట్టి చూసేవాళ్ళకి బాగానే కనపడింది, నేను లెక్కలోంచి తీసేశాను. ఏడోదో ఎనిమిదోదో, వల గుర్తొచ్చింది. గట్టు మీద వల వేసేవాడు ముందుకి పడితే కాలవలో ఉంటాడు. వాడి బరువు ఎప్పుడూ పాదం మధ్యలోనే. నేను నడుము తిప్పడం ఒక్కటే వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నాను, నిలబడటం తెచ్చుకోలేదు. కొట్టాను. బంతి బోర్డుకి కుడివైపు బయల్దేరి, పైకి లేచి, మంచు పొరలోకి వెళ్ళేముందు ఎడమకి ఇంత వంగింది. వాలింది కనపడలేదు.

"కహా గయీ?" అన్నాను.

"జహా జానా థా," అన్నాడు కోచ్. వెళ్ళాల్సిన చోటికే.

తొమ్మిదిన్నరకి ఎండ వచ్చింది. చెట్ల మీద మినార్ పైభాగం మొదట తేలి, తర్వాత నడుము, తర్వాత తక్కింది కనిపించింది. బుట్ట ఖాళీ అయింది. యాభైలో మెడకి తగిలినవి ఆరు, అందులో నాలుగు నేను తొందరపడ్డ మొదటి పది పూర్తి ఊపుల్లోనివి. హుక్కులు ఎనిమిది. గడ్డి మీద ఊగి చూస్తే గాట్లు ఇంకా జెండాకి కుడివైపే చూస్తున్నాయి కానీ, కిందటి వారమంత కాదు. కర్నల్ గారు వెళ్తూ వెళ్తూ నా పట్టా దగ్గర ఆగి, డబ్బా ఎందుకని అడిగి తెలుసుకున్నారు. సోమవారం నుంచి ఆయనా ఒకటి తెచ్చుకుంటారట.

పౌడరు డబ్బాలో అడుగున ఓ చెంచాడు మిగిలింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.